పరీక్షనే పరీక్షించడం: వైద్య కళాశాలలో విద్యా పరిశోధన మొదలుపెట్టే తీరు

వైద్య కళాశాలలో పాఠం చెప్పేవారు పరిశోధనాంశం కోసం ఎక్కడికో వెళ్లి వెతుక్కోనక్కరలేదు. ఇంటర్నల్స్ ముగిసిన సాయంత్రం మార్కుల షీట్లు ముందు పరుచుకుని కూర్చుంటే చాలు. ఒకే స్టేషన్‌లో, అంటే విద్యార్థి ఒక పని చేసి చూపే చోట, ఒకే విద్యార్థిని, ఒకే సమయంలో చూసిన ఇద్దరు ఎగ్జామినర్లలో ఒకరు పదికి ఎనిమిది, మరొకరు పదికి నాలుగు వేసిన షీటు ఒకటైనా కనబడుతుంది. రెండూ కూడి సగం చేస్తే ఆ రోజుకు పని గడిచిపోతుంది. అలా కాకుండా ఆ తేడా ఎందుకు వచ్చింది, ఎంతమంది విషయంలో వస్తోంది, దేన్ని మారిస్తే తగ్గుతుంది అని క్రమపద్ధతిలో కనుక్కోవడానికి పూనుకుంటే వైద్య విద్యా పరిశోధన మొదలైనట్టే. ఎంబీబీఎస్ విద్యార్థులకూ పీజీ రెసిడెంట్లకూ పాఠాలు చెబుతూ, పరీక్షలు పెడుతూ, ఆ పనినే పరిశోధనాంశంగా తీసుకోదలచిన అధ్యాపకుల కోసం, అందులోనూ మొదటిసారి ఇలాంటి అధ్యయనం తలపెట్టినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ప్రశ్న, తర్వాతే పద్ధతి

2019లో చేరిన బ్యాచ్ నుంచి మన దేశంలో ఎంబీబీఎస్‌కు సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక, అంటే అందరూ సీబీఎంఈ అని పిలుచుకునేది, అమలులోకి వచ్చింది. దానితో మొదటి ఏడాదిలోనే రోగులను చూపించడం, వైఖరి, నైతికత, సంభాషణ నేర్పే ఏట్‌కామ్ తరగతులు, లాగ్‌బుక్కులు వచ్చాయి. వాటి వెనుకే ఒక తరహా పరిశోధన వ్యాసం కూడా విరివిగా పుట్టుకొచ్చింది. ఒక కొత్త బోధన పద్ధతి తీసుకుంటారు. ఒక తరగతి ఆ పద్ధతిలో చెబుతారు. తరగతికి ముందొకసారి, తర్వాతొకసారి అవే ఇరవై ఎంసీక్యూలు ఇస్తారు. చివరగా ‘ఈ పద్ధతి మీకు నచ్చిందా’ అని అడిగే ప్రశ్నాపత్రం పంచుతారు. మార్కులు పెరుగుతాయి, ఎక్కువమందికి నచ్చుతుంది, వ్యాసం అచ్చవుతుంది. గంటసేపు పాఠం విన్నాక మార్కులు పెరగకపోతే ఆశ్చర్యపడాలి గాని, పెరిగితే అందులో తెలిసిన కొత్త విషయమేమీ లేదు. అదే పాఠం బోర్డు మీద సుద్దముక్కతో చెప్పినా అవి పెరిగి ఉండేవే.

ఇది మన ఒక్కరి జాడ్యం కాదు. డేవిడ్ కుక్, జార్జ్ బోర్డేజ్, హెంక్ ష్మిట్ అనే ముగ్గురు పరిశోధకులు 105 ప్రయోగాత్మక వ్యాసాలను పరిశీలించి 2008లో ప్రకటించిన విశ్లేషణలో, వాటి ఉద్దేశాలను మూడుగా విడదీశారు: చేసినదాన్ని వర్ణించేవి, చేసినది ఫలితమిచ్చిందని చూపేవి, ఎందుకు, ఎలా ఫలితమిచ్చిందో తేల్చేవి. మూడో కోవకు చెందినవి 12 శాతమే తేలాయి. మొదటి ప్రయత్నంలోనే మూడో కోవకు ఎగబాకాలని నేననను. అయితే మీ ప్రశ్న ఈ మూడింటిలో ఎక్కడ నిలబడుతుందో ప్రోటోకాల్, అంటే అధ్యయన ప్రణాళిక, రాయకముందే మీకు తెలియాలి.

ఆస్కీ అంటే విద్యార్థులు ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపుతుంటే చెక్‌లిస్టు ప్రకారం మార్కులు వేసే పరీక్ష. ‘ఆస్కీ వల్ల విద్యార్థులకు మేలు జరుగుతుందా’ అన్నది చాలా పెద్ద విషయం, దానికి జవాబు వెతకడం ఒక విభాగం వల్ల అయ్యే పని కాదు. ‘రక్తపోటు చూసే స్టేషన్ చెక్‌లిస్టును కంటికి కనిపించే చేతల రూపంలో తిరగరాస్తే, ఇద్దరు ఎగ్జామినర్ల మార్కులు ఇప్పటికంటె దగ్గరపడతాయా’ అన్నది ఆరు నెలల్లో జవాబు దొరికే ప్రశ్న. ఎవరిని చూస్తున్నారు, దేన్ని దేనితో పోలుస్తున్నారు, ఏం కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు అనే నాలుగూ ఒకే వాక్యంలో ఇమిడేదాకా దాన్ని కాగితం మీద కొట్టివేస్తూ రాస్తూ ఉండండి. ఆ వాక్యాన్ని మీ విభాగంలో పని చేయని ఒకరికి, వీలైతే ఫిజియాలజీ వారికో కమ్యూనిటీ మెడిసిన్ వారికో, చదివి వినిపించండి. వారు తిరిగి వేసే మొదటి ప్రశ్నలోనే మీ ప్రోటోకాల్‌లోని లొసుగు బయటపడుతుంది.

ఏం కొలవాలన్నది తేల్చుకోవడానికి 1950ల చివరలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ పనికొస్తాయి: విద్యార్థికి నచ్చడం, విద్యార్థి నేర్చుకోవడం, నేర్చుకున్నది పనిలో కనబడటం, దానివల్ల రోగికో ఆసుపత్రికో ఒనగూరడం. నచ్చిందా అని అడగటం తేలిక కాబట్టి అందరం అక్కడే ఆగిపోతాం. కనీసం రెండో మెట్టుకు, అదీ కొన్ని వారాలు గడిచిన తర్వాత కొలిచిన రెండో మెట్టుకు, చేరని అధ్యయనం మొదలుపెట్టవద్దని నా సలహా.

కొలబద్ద సంగతి

ఈ రంగంలో ఎక్కువ కాలం వెచ్చించవలసింది ఇక్కడే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. జార్జ్ మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్ అందరికీ తెలిసిందే: అడుగున తెలిసి ఉండటం, దానిపైన ఎలా చేయాలో తెలియడం, ఆ పైన చేసి చూపగలగడం, శిఖరాన నిజమైన పనిలో చేయడం. సీబీఎంఈ పత్రాల్లో ప్రతి సామర్థ్యం పక్కన కనబడే కే, కేహెచ్, ఎస్‌హెచ్, పీ అక్షరాలు ఈ పిరమిడ్ నుంచి దిగినవే. ఎస్‌హెచ్, అంటే చేసి చూపగలగాలి, అని గుర్తున్న సామర్థ్యాన్ని ఎంసీక్యూతో కొలిచి ‘నైపుణ్యం మెరుగుపడింది’ అని రాస్తే, మీ వ్యాసాన్ని పరిశీలించేవారు అక్కడే పక్కన పెట్టేస్తారు, పెట్టేయాలి కూడా.

చేసి చూపే మెట్టును కొలవడానికి డండీలో రోనాల్డ్ హార్డెన్, సహచరులు 1975లో ప్రతిపాదించిన ఆస్కీ ఇప్పటికీ మనకున్న ప్రధాన సాధనం. దాని గొప్పదనమంతా అందరు విద్యార్థులకూ ఒకే పని, ఒకే సమయం, ఒకే చెక్‌లిస్టు ఉండటంలో ఉంది. కాని చెక్‌లిస్టు ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటే కాదని మా విభాగంలో ఒక రక్తపోటు స్టేషన్ నాకు నేర్పింది.

ఆ చెక్‌లిస్టులో నాలుగో అంశం ‘పాల్పేటరీ పద్ధతి పాటించెను’ అని ఉంది; అంటే నాడి మీద వేళ్లుంచి రక్తపోటు చూసే పద్ధతి. ఒక విద్యార్థిని కఫ్ సరిగ్గా చుట్టింది, చేయి గుండె ఎత్తున ఉండేలా దిండు సర్దింది, ‘ముందు పాల్పేటరీగా సిస్టాలిక్ చూస్తాను సర్’ అని గట్టిగా చెప్పింది, ఆ వెంటనే స్టెతస్కోపు మోచేతి మడత దగ్గర పెట్టి బల్బు నొక్కడం మొదలుపెట్టింది. ఆమె వేళ్లు మణికట్టు మీది నాడిని తాకనేలేదు. మొదటి ఎగ్జామినరు ఆమె మాట విని టిక్కు పెట్టారు. రెండో ఎగ్జామినరు ఆమె చేతిని చూసి సున్నా వేశారు. ఇద్దరిలో ఎవరూ అశ్రద్ధగా లేరు. చెక్‌లిస్టులోని వాక్యానికి వారు చెప్పుకున్న అర్థాలు వేరు, అంతే. కొన్ని అంశాల కింద ‘రోగితో మర్యాదగా వ్యవహరించెను’ అని మరొకటి ఉంది; దాని సంగతి మళ్లీ చెబుతాను.

ఇలాంటి తేడాలను లెక్కలోకి తేవడానికి కోహెన్ కప్పా వాడతాం. దాని అవసరం అర్థం కావడానికి ఒక ఊహాలెక్క చూడండి. నూరుమంది విద్యార్థులను ఇద్దరు ఎగ్జామినర్లు విడివిడిగా చూశారనుకుందాం. ఇద్దరూ పాస్ చేసినవారు 80 మంది, ఇద్దరూ ఫెయిల్ చేసినవారు 6 మంది, మొదటివారు మాత్రమే పాస్ చేసినవారు 8 మంది, రెండోవారు మాత్రమే పాస్ చేసినవారు 6 మంది. నూటికి 86 మంది విషయంలో ఏకీభవించారు గదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాని మొదటివారు 88 మందిని, రెండోవారు 86 మందిని పాస్ చేసే అలవాటున్నవారైతే, విద్యార్థి ముఖం చూడకుండా గుడ్డిగా మార్కులు వేసినా దాదాపు 77 మంది విషయంలో వారి తీర్పులు కలుస్తాయి. అలా యాదృచ్ఛికంగా కలిసిన భాగాన్ని తీసివేసి లెక్కిస్తే కప్పా 0.38 మాత్రమే వస్తుంది. అనుకున్నంత గొప్ప ఏకీభావం కాదన్నమాట. పాస్, ఫెయిల్ కాకుండా మార్కులే పోలుస్తున్నప్పుడు మార్కులు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూసే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ వాడాలి. మామూలు కోరిలేషన్ చూపిస్తే, ఒకరు ప్రతివారికీ రెండు మార్కులు తక్కువ వేసినా అది అత్యద్భుతంగానే కనబడుతుంది.

ఎగ్జామినర్లు పూర్తిగా ఏకీభవించినా చిక్కు తీరదు. ఒక కేసులో బాగా చేసిన విద్యార్థి మరో కేసులోనూ బాగా చేస్తాడన్న హామీ లేదని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ ఎల్‌స్టీన్, సహచరులు 1970ల్లోనే చూపారు. న్యుమోనియా కేసు చక్కగా చెప్పినవాడు కాలేయం కేసులో తడబడవచ్చు. అందుకే ఒకే రోగిని వివరంగా పరీక్షించి చెప్పే లాంగ్ కేస్ ఒక్కదాని మీద విద్యార్థి సామర్థ్యమంతా తేల్చేయడం నమ్మదగినది కాదు, ఎన్ని గంటలు చూశామన్నదానికంటె ఎన్ని రకాల కేసుల్లో చూశామన్నది ముఖ్యం. మీ అధ్యయనంలో మూడు స్టేషన్లే ఉంటే ఆ మార్కులు ఎంతవరకు నమ్మదగినవో ముందే లెక్కగట్టి, ఆ పరిమితిని దాచకుండా రాయండి.

ఇక చెల్లుబాటు సంగతి. ‘వ్యాలిడేటెడ్ ప్రశ్నాపత్రం వాడాం’ అనే వాక్యం మన వ్యాసాల్లో తాయెత్తులా కనబడుతుంది. చెల్లుబాటు అనేది కాగితానికి శాశ్వతంగా అంటుకుని ఉండే గుణం కాదు. ఫలానా చోట, ఫలానా వారి మీద, ఫలానా నిర్ణయం కోసం ఆ మార్కులను వాడటానికి ఆధారాలున్నాయా లేదా అన్నది అసలు ప్రశ్న. రోగితో మాట్లాడే తీరును కొలిచే ఇంగ్లీషు స్కేళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానిలోనూ విద్యార్థి రోగిని ‘మీరు’ అన్నాడా ‘నువ్వు’ అన్నాడా అనే అంశం ఉండదు, ఉండే వీలూ లేదు. అరవై ఏళ్ల కూలిమనిషిని ఇరవై ఏళ్ల విద్యార్థి ‘ఏం పెద్దాయనా, ఎప్పటినుంచి దగ్గుతున్నావు’ అని అడిగితే అది చనువా, చులకనా? మన వార్డుల్లో ఎగ్జామినర్లు ఈ ఒక్క మాట దగ్గరే విడిపోతారు. పైన చెప్పిన మర్యాద అంశంలో మా ఇద్దరు ఎగ్జామినర్లకు వచ్చిన తేడా ఇదే. ఇక అఖిల భారత కోటాలో చేరి అప్పుడప్పుడే తెలుగు నేర్చుకుంటున్న విద్యార్థి ఏకవచనం వాడితే దాన్ని ఎలా కొలవాలన్నది మరో మంచి పరిశోధన ప్రశ్న.

అందువల్ల ఇంగ్లీషు స్కేలును తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదం, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి సరిపోల్చడం అనే రెండు పనులతో ఆపవద్దు. ఓపీ దగ్గర కూర్చున్న ఐదారుగురికి ఒక్కో ప్రశ్న చదివి, ‘ఇది వింటే మీకేమర్థమైంది’ అని అడిగి వారి మాటలు రాసుకోండి. ‘డాక్టరు మీ ఆందోళనలను ప్రస్తావించారా’ అనే వాక్యం వారి నోట ‘మీ భయం ఏందో అడిగిండా’ అనో, ‘మీకున్న బెంగేమిటో కనుక్కున్నారా’ అనో తిరిగి వస్తుంది. ప్రశ్నాపత్రంలో ఉండవలసింది ఆ తిరిగి వచ్చిన వాక్యమే.

పోలిక కుదిర్చే విధానం

పాఠానికి ముందు, తర్వాత కొలిచి ఊరుకునే అధ్యయనంలో పోలిక లేదు కాబట్టి మార్పుకు కారణం మీ పద్ధతే అని చెప్పలేరు. అలాగని సగం మందికి కొత్త పద్ధతి ఇచ్చి, సగం మందికి ఎగ్గొడితే విద్యార్థులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయం కూడా. ఈ ఇరుకు నుంచి బయటపడటానికి మన కళాశాలలకు బాగా నప్పేది తారుమారు పద్ధతి. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ లార్సెన్, సహచరులు రెసిడెంట్లతో చేసి 2009లో ప్రకటించిన అధ్యయనం. రెసిడెంట్లందరికీ స్టేటస్ ఎపిలెప్టికస్, మయస్థీనియా గ్రేవిస్ అనే రెండు నరాల జబ్బుల మీద పాఠాలు చెప్పారు. తర్వాత ఒక గుంపు మొదటి పాఠంపై పదే పదే చిన్న పరీక్షలు రాసింది, రెండో పాఠానికి నోట్సు చదువుకుంది. రెండో గుంపు దీనికి తలకిందులుగా చేసింది. ఆరు నెలల తర్వాత చూస్తే, ఏ పాఠమైనా సరే, చదువుకున్నవారికంటె పరీక్షలు రాసినవారికే ఎక్కువ గుర్తుంది. ఎవరికీ అన్యాయం జరగలేదు, ప్రతివారూ రెండు పద్ధతులనూ చవిచూశారు, తీసుకున్నవి రెండు పాఠాలే.

ఈ నమూనాను మీరు అలాగే తీసుకోవచ్చు. అయితే గుంపులు విడదీయడంలో మన దగ్గర ఒక ఉచ్చు ఉంది. పోస్టింగుల కోసం రోల్ నంబర్ల వరుసలో చేసిన ఏ, బీ, సీ బ్యాచ్‌లు సిద్ధంగా ఉంటాయి కాబట్టి వాటినే వాడేస్తారు. కొన్ని చోట్ల రోల్ నంబర్లు ప్రవేశ ర్యాంకు వరుసలో ఉంటాయి, కొన్ని చోట్ల చివరి రౌండులో చేరినవారంతా చివరి బ్యాచ్‌లో పడతారు. అలాంటి బ్యాచ్‌లను పోల్చి కొత్త పద్ధతి గెలిచిందని రాస్తే, మీరు కొలిచింది పద్ధతిని కాదు, ర్యాంకును. కంప్యూటరుతో యాదృచ్ఛికంగా విడదీయండి. పోస్టింగుల వల్ల అది సాధ్యం కాకపోతే కనీసం కిందటి ఇంటర్నల్స్ మార్కులు రెండు గుంపుల్లోనూ సమానంగా ఉన్నాయో లేదో చూసి ఆ సంఖ్యలు చూపించండి.

రెండో ఉచ్చులో నేనే పడ్డాను. ఒక ఏడాది ఉదయం ఒక బ్యాచ్‌కు, మధ్యాహ్నం మరో బ్యాచ్‌కు అదే క్విజ్ పెట్టాను. మధ్యాహ్నం వారి మార్కులు చూసి ముందు మురిసిపోయాను. తీరా విచారిస్తే భోజన విరామంలోనే ప్రశ్నపత్రం ఫొటో వాట్సాప్ గ్రూపులో తిరిగిందని ఒక హౌస్ సర్జన్ నవ్వుతూ చెప్పాడు. నాలుగు నెలల శ్రమ ఆ పూటతో పోయింది. అప్పటినుంచి రెండు గుంపులకూ ఒకే గంటలో పరీక్ష పెట్టడం, అది కుదరకపోతే కష్టస్థాయి సమానంగా ఉండేలా రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలు ముందే సరిచూసి పెట్టుకోవడం నియమంగా పెట్టుకున్నాను.

ఎంతమంది కావాలన్నది ‘క్లాసులో ఉన్నవారంతా’ అని తేల్చేయవద్దు. రెండు విడి గుంపుల సగటు మార్కుల మధ్య అర స్టాండర్డ్ డీవియేషన్ తేడాను, 80 శాతం పవర్‌తో (ఉన్న తేడా దొరికే అవకాశం నూటికి 80 ఉండేలా), 5 శాతం ప్రాముఖ్య స్థాయిలో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. 0.3 స్టాండర్డ్ డీవియేషన్ పాటి చిన్న తేడా కోసమైతే ఒక్కో గుంపులో 176 మంది కావాలి. 150 సీట్ల కళాశాలలో ఒకే బ్యాచ్‌తో అది కుదరని పని. తారుమారు పద్ధతిలో ప్రతి విద్యార్థీ తనతో తనే పోటీ పడతాడు కాబట్టి అంతమంది అవసరం ఉండదు, ఆ పద్ధతిని నేను మెచ్చడానికి ఇది మరో కారణం.

పీజీలతో చేసేటప్పుడు

రెసిడెంట్ల మీద అధ్యయనం చేయాలంటే లెక్క మారిపోతుంది. ఒక విభాగంలో ఏడాదికి పట్టుమని పదిమంది కూడా ఉండకపోవచ్చు. అందులో ఒకరు సెలవులో, ఒకరు జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలలు బయటి ఆసుపత్రిలో ఉంటారు. ఈ చిన్న సంఖ్యలతో రెండు గుంపులు చేసి పీ విలువ కోసం ప్రాకులాడటం వృథా. దానికంటె ఒక్కొక్కరిని చాలాసార్లు కొలిచి, ఆరు నెలల పాటు వారి గమనాన్ని చూడటం మేలు.

అందుకు అమెరికాలో జాన్ నార్సినీ, సహచరులు 1990ల్లో రూపొందించిన మినీ సీఈఎక్స్ అక్కరకు వస్తుంది. నిజమైన ఓపీలోనో వార్డులోనో రెసిడెంటు ఒక రోగిని చూస్తుంటే అధ్యాపకుడు పదిహేను ఇరవై నిమిషాలు పక్కన నిలబడి గమనించి, తొమ్మిది మెట్ల స్కేలు మీద మార్కు వేసి, అక్కడికక్కడే బాగున్నదేమిటో, దిద్దుకోవలసిందేమిటో చెబుతాడు. మిల్లర్ పిరమిడ్ శిఖరానికి మనం చేరగలిగే దగ్గరి దారి ఇదే. ఒక్కసారి చూసి తీర్పు చెప్పడానికి ఇది పనికిరాదు; వేర్వేరు రోగులతో, వేర్వేరు అధ్యాపకులు చూసినవి పోగుపడాలి.

ఆచరణలో దీనికి రెండు తెగుళ్లు పడతాయి. మొదటిది, తన పీజీకి తానే ఆరు కంటె తక్కువ వేయడానికి గైడుకు మనసొప్పదు. మార్కులన్నీ ఏడు, ఎనిమిది మధ్యనే మూగుతాయి. రెండోది, నెలాఖరున లాగ్‌బుక్ చూపించవలసిన రోజు ఐదు ఫారాలు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ప్రత్యక్షమవుతాయి. అందుకే ప్రతి ఫారం మీద తేదీతో పాటు గంట, వార్డు రాయించండి, గమనించే పనిని మరో యూనిట్ అధ్యాపకులకు అప్పగించండి. మార్కులు అన్నీ ఒకేలా ఉన్నా, ‘దిద్దుకోవలసింది’ అన్న గడిలో రాసిన వాక్యాలు ఒకేలా ఉండవు. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారాలెన్ని, ‘ఇంకా చదవాలి’ వంటి పొడిమాటలున్నవి ఎన్ని, ‘బొడ్డు కింద నుంచి మొదలుపెట్టకపోవడం వల్ల ప్లీహం అంచు తప్పిపోయింది’ అన్నంత స్పష్టంగా ఉన్నవి ఎన్ని అని వర్గీకరించి చూడటమే ఒక చక్కటి అధ్యయనం. దానికి కావలసింది ఓపికే, డబ్బు కాదు.

అనుమతి, సమ్మతి

విద్యార్థి మన చేతికింద ఉన్నవాడు. అతని ఇంటర్నల్ మార్కులు మన సంతకంతో పోతాయి. అలాంటివాడు మనం అడిగినదానికి కాదనలేడు గనుకనే, హోదాలో కిందివారైన విద్యార్థులను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి జాతీయ నైతిక మార్గదర్శకాలు ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగా చూస్తాయి. బోధన పద్ధతులను పోల్చే పనికి పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు దొరికే అవకాశం ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. కాని మినహాయింపు ఇవ్వవలసింది ఎథిక్స్ కమిటీ, మనకు మనమే ఇచ్చుకునేది కాదు. డేటా సేకరించేశాక అనుమతి కోసం వెళితే కమిటీ ఇవ్వదు, మంచి పత్రిక అచ్చువేయదు.

సమ్మతి పత్రం పంచే పని విభాగాధిపతి చేయకూడదు, వారికి పరీక్ష పెట్టే మీరూ చేయకూడదు; ఆ బ్యాచ్‌తో సంబంధం లేని మరో విభాగం వారి చేత చేయించండి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో ఇంటర్నల్ మార్కులు విశ్వవిద్యాలయానికి వెళ్లేదాకా మీకు తెలియకూడదు. కాదన్నవారికీ అదే పాఠం, అదే క్విజ్ అందుతుంది, వారి మార్కులు మాత్రం మీ విశ్లేషణలోకి రావు. ఈ సంగతి సమ్మతి పత్రంలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్పష్టంగా ఉండాలి. మినీ సీఈఎక్స్ వంటి అధ్యయనాల్లో రోగి మాటలు కూడా రికార్డు చేస్తున్నట్టయితే రోగి సమ్మతి వేరుగా తీసుకోవాలి.

రోల్ నంబర్ల స్థానంలో కోడ్‌లు వాడి, రెండిటినీ జతపరిచే జాబితాను మూడో వ్యక్తి బీరువాలో ఉంచండి. గూగుల్ ఫారంలో ఈమెయిల్ తనంతట తానే నమోదయ్యే ఏర్పాటు తీసివేయకుండా ‘మీ పేరు ఎవరికీ తెలియదు’ అని రాసే పొరపాటు చాలామంది చేస్తుంటారు.

మాటల్ని డేటాగా తీసుకోవడం

ఎందుకు అనే ప్రశ్నకు జవాబు సంఖ్యల్లో దొరకదు, మనుషులతో మాట్లాడాలి. ఆరు నుంచి ఎనిమిది మందిని కూర్చోబెట్టి చర్చ నడపడం, లేదా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం, రెండూ మంచివే. పీజీల విషయంలో నేను రెండోదానికే మొగ్గుతాను. సీనియర్ పీజీ పక్కన కూర్చుంటే జూనియర్ పెదవి విప్పడు. మాట్లాడించే మనిషి వారి విభాగం వాడు కాకూడదు.

రికార్డు చేసినదాన్ని విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయించండి. మన విద్యార్థులు ‘సర్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు కానీ అందరి ముందు ఇచ్చారు, అది ఫీడ్‌బ్యాక్‌లా అనిపించలేదు, తిట్లలా అనిపించింది’ అన్నట్టు మాట్లాడతారు. దాన్ని ముందే నున్నటి ఇంగ్లీషులోకి మార్చేస్తే, ఫీడ్‌బ్యాక్‌కూ తిట్టుకూ మధ్య వారు గీసిన గీత చెరిగిపోతుంది. విశ్లేషణ అంతా తెలుగులోనే చేసి, వ్యాసంలో ఉటంకించే నాలుగైదు వాక్యాలను మాత్రమే చివర అనువదించండి. ఇద్దరు విడివిడిగా చదివి గుర్తులు పెట్టి, తర్వాత కలిసి కూర్చుని ఎక్కడ విడిపోయారో మాట్లాడుకోవాలి. కొత్త సంగతులు రావడం ఆగిందని నిజంగా అనిపించినప్పుడే మాట్లాడించడం ఆపాలి, పన్నెండో మనిషి అయిపోయాడని కాదు.

లెక్కలు, రాత

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కమ్యూనిటీ మెడిసిన్ వారి సాయం డేటా వచ్చాక కాదు, ప్రోటోకాల్ రాసేటప్పుడే అడగండి. పీ విలువతో పాటు తేడా పరిమాణాన్ని, దాని విశ్వాస అంతరాన్ని (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్) ఇవ్వండి. ఇరవై మార్కులకు అర మార్కు తేడా గణాంకాల్లో ఎంత ప్రముఖంగా తేలినా తరగతి గదిలో దానికి విలువ లేదు. రాసేటప్పుడు యాదృచ్ఛిక అధ్యయనానికి కన్సార్ట్, పరిశీలనాత్మక అధ్యయనానికి స్ట్రోబ్, మాటల మీద ఆధారపడిన దానికి ఎస్‌ఆర్‌క్యూఆర్ అనే, వ్యాసంలో ఏమేం చెప్పాలో సూచించే జాబితాలను పక్కన పెట్టుకోండి. పదోన్నతికి వ్యాసం కావాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉండేది. వారంలో అంగీకారం తెలిపి ముందే డబ్బు అడిగే పత్రికల జోలికి మాత్రం వెళ్లవద్దు.

వ్యాసం పంపేముందు ఫలితాలను ఆ మార్కులు వేసిన ఎగ్జామినర్ల ముందు ఒక మధ్యాహ్నం పెట్టండి. ఎవరు ఎంత వేశారో పేర్లతో కాకుండా, అంశాల వారీగా చూపించండి. మా రక్తపోటు స్టేషన్ విషయంలో ఆ సమావేశం గంటన్నర సాగింది, సగం సమయం మర్యాద అంశానికే పట్టింది. చివరికి దాన్ని మూడుగా విడగొట్టారు: తన పేరు, తానెవరో చెప్పెను; ఏం చేయబోతున్నదీ చెప్పి ఒప్పుకోలు తీసుకొనెను; మొదటినుంచి చివరిదాకా రోగిని బహువచనంతో పిలిచెను. నాలుగో అంశం ఇప్పుడిలా ఉంది: ‘ఒక చేతి వేళ్లతో మణికట్టు నాడి పట్టుకొని, కఫ్‌లో గాలి నింపుతూ, నాడి అందకుండా పోయిన అంకెను పైకి చదివి చెప్పెను.’